అయిదవ చక్రము

శ్రావణమాసారంభంబున నీలజలదపటలసంఛన్నంబైన గగనతలంబు పట్టపగలును బ్రొద్దుగ్రుంకినట్లు చేయుచుండఁ గొండవాగులు కెంపునీటిని నురుగులతోఁ గ్రక్కుచుఁ బల్లములకుఁ బరువిడుచుండ బృహస్పతి సింహరాశిం బ్రవేశించినాఁ డనియు గోదావరికిఁ బుష్కరములు వచ్చిన వనియు నూరూర దండోరా మ్రోగఁగా మూటలు నెత్తి నిడుకొని బిడ్డలఁ జంకనెత్తుకొని ముదుసళ్లఁ గావడితట్టలఁ గూర్చుండఁబెట్టుకొని జనులు చీమలబారువలె రాజబాటం బట్టి రాజమహేంద్రవరాభిముఖులై నడచుచుండిరి. పొగబండి యా సీమ నింకను ద్రొక్కని దినము లవి. కాలు గలవాఁడు కాలినడకను గలిమి గలవాఁడు పల్లకిని బోవుచుండెను.

ఆ జనప్రవాహమునకు నోరగాఁ దాండవనదిరేవుకడఁ దాటితోఁపులో నొక వింతశకటము ముంగాళ్లు విఱిగిన గేదెవలె మోకరిల్లి యుండెను. అది బండియు నౌను ఇల్లును నౌను. నాలుగుచక్రములమీఁద నిలిచిన చెక్కగోడలును గోడలకుఁ గిటికీలును లోపల మంచమును గల యా శకటముయొక్క ముందరియిరుసు విడివడి యొకప్రక్కఁ బడియుండఁగాఁ దాటియాకుల గొడుగుక్రింద నులకమంచముపై నడుము మొదలుకొని క్రిందికి శిలయైపోయిన వృద్ధుఁ డొకఁడు బాటసారుల పాదములనే చూచుచుఁ బరుండి యుండెను. ఆతని తలాపున నేఁబదియేండ్ల స్త్రీ యొకతె పిడికిట నల్లని యినుపముక్కం బట్టుకొని వానలోఁ దడియుచు నిలిచియుండెను.

ఆమె పేరు పైడమ్మ. ఆ వృద్ధుఁ డామె మగఁడు సన్యాసిసెట్టి. శారదానదీతీరమందలి గవరపేటలో లక్కగాజు లన్నఁ జాలును ఆ యిల్లే చూపుదురు. లక్క కరఁగించి వన్నెలు కలిపి గాజు త్రిప్పుట యామె పని. గాజులు గ్రుచ్చిన మలారము భుజమున వైచుకొని గంప నెత్తిం బెట్టుకొని తీర్థమునుండి తీర్థమునకుఁ దిరిగి యమ్ముట యాతని పని. ఇట్లు ముప్పదియేండ్లు గడచెను.

పండ్రెండేండ్లక్రింద నిదే గోదావరికిఁ బుష్కరములు వచ్చినపుడు సన్యాసిసెట్టి కోటిలింగాలరేవున నంగడి పెట్టి నీటికిఁ బదిమెట్ల దూరమునఁ గూర్చుండి పండ్రెండుదినములును వచ్చినవారి కెల్ల గాజులు తొడిగెను. కన్నతల్లి యవసానకాలమునఁ దన చేతిలోఁ జేయి వేయించుకొని "నాయనా పుష్కరములలో నా పేర మూఁడు మునుకలు వేయు" మని కోరినమాట యాతఁడు మఱవలేదు. కాని తోడివారు స్నానమునకు రమ్మని పిలిచినపు డెల్లను "గంప నెవ్వరు చూతురు? ఱేపు మునిఁగెద" ననెను. అట్టి ఱేపులు పండ్రెండును గడచిపోయెను. గాజు లన్నియు నమ్ముడుపోయెను గాని తల్లికిచ్చిన మాట మాత్రము మిగిలిపోయెను. ఆ పిమ్మటఁ బక్షవాతము వచ్చి యాతని నడుమునుం గాళ్లనుం దీసికొనిపోయెను.

కావున నీ పుష్కరములకైన మగని నీటం దింపవలె నని పైడమ్మకుఁ బట్టుదల. రెండుచక్రముల యెడ్లబండి కుదుపున కాతని వెన్ను తాళదు. పుష్కరకాలమున బోయీలు దొరకుట దేవుఁడు దొరకుటకంటెఁ గష్టము. ఆమె యాలోచించి యాలోచించి తన మెడలోని బంగారునానుం దీసి దానిని బండిగా మార్పఁ దలఁచి బండ్లవీథికిం బోయెను.

బండ్లవీథిలో గరుడాచారి బండ్లు చేయు కమ్మటము మూఁడుతాలూకాలం బేరుగన్నది. ఆ వృద్ధుని కన్నులకుఁ బొరలు గ్రమ్మినది మొదలు పని యంతయుఁ గొడుకు సింహాద్రాచారి చేతికి వచ్చెను. చేయి మంచిదే కాని దానికంటె నోరు పెద్దది. అతఁడు కలెక్టరుదొర సవారిబండి నొకమాఱు క్రిందికి వంగి చూచి వచ్చినవాఁడు గావున నేల నిలువక యిట్లనెను.

"సెట్టెమ్మా నీకుఁ జేయఁబోవు బండికి నాలుగుచక్రములు కావు అయిదు. ఆ యయిదవచక్రము నేలం దాఁకదు. ముందరియిరుసుమీఁదఁ బెట్టెక్రింద బల్లపరుపుగాఁ బండుకొని యుండును. దాని నడుమ నొక్క సీల. ఎడ్లు మలఁగినపు డిరుసు మలఁగును గాని పెట్టె మలఁగదు. సెట్టిగారి తలాపున నున్న నీళ్లచెంబు తొణఁకినచో నన్నడుగుము."

ఆ మాటకుఁ బైడమ్మ పొంగిపోయెను. పొంగినపా లెచటికిం బోవునో యామెకుఁ దెలియనిది గాదు.

ఆ వీథిలోఁ దాతలనాఁటి యాచార మొకటి గలదు. క్రొత్తబండి మొదటిపయన మయినపుడు దానిం జేసిన వడ్రంగి యులియు సుత్తియు మొలం జెక్కుకొని గమ్యము చేరుదాఁక దానిముందర నడువవలెను. దీనికిఁ దొలినడక యని పేరు. సడలినది బిగించుటకు మాత్రమే కాదు తాను జేసినదానికిఁ దానే పూచీ యని లోకమునకుఁ దెలుపుటకు. బండి కదలునాఁడు పైడమ్మ దానిని జ్ఞప్తిసేయఁగా సింహాద్రాచారి నవ్వి "అది పాతకాలపు బండ్లకమ్మా. నా బండి తానే నడుచును" అనెను. తండ్రి కా మాట చెప్పలేదు. ముసలివాఁ డరుఁగుపైఁ గూర్చుండి చక్రములచప్పుడు విని కొడుకుకూడఁ బోవుచున్నాఁ డనుకొనెను.

బండి నాలుగుదినములు నడచెను. మొదటినాఁటి జల్లునకే కప్పు కాఱెను. రెండవనాఁడు కిటికీతలుపు లుబ్బి మూసినవి తెఱవక తెఱచినవి మూయక మొరాయించెను. మూఁడవనాఁటికిఁ జక్రములలోని కొయ్యయాకులు కిఱ్ఱుకిఱ్ఱు మని యేడ్వఁ జొచ్చెను. నాలుగవనాఁడు తాండవరేవునకు దిగుచో మలుపుకడ నా నడిమిసీల పుటుక్కున విఱిగెను. పెట్టె యిరుసు విడిచి ముందునకుఁ గూలెను. సన్యాసిసెట్టి మంచముమీఁదినుండి దొరలి గోడకుం గొట్టుకొని బురదలోఁ బడెను.

చుట్టుప్రక్కల కమ్మరులు వచ్చి చూచి తలలూఁచి "ఈ వింతబండి గుట్టు మాకుఁ దెలియ" దని మరలిపోయిరి. అట్లే యా తాటితోఁపులోఁ బుష్కరములు పండ్రెండుదినములును గడచిపోయెను. ముందుగా బోవువారి పాదములను బిమ్మట వచ్చువారి పాదములను సన్యాసిసెట్టి చూచెను. తిరిగివచ్చు ముసలమ్మ యొకతె జాలిపడి తన చెంబులోని గోదావరినీ రొక దోసె డాతని చేతులం బోసెను. ఆతఁడు దానిం ద్రాగలేదు తలం జల్లుకొనలేదు. వ్రేళ్లసందులనుండి కాఱిపోవుదాఁకఁ జూచి పిమ్మట మొగము బండిగోడవైపునకుఁ ద్రిప్పుకొనెను.

అపుడు పైడమ్మ తన పిడికిటిలోని సీలముక్కను ముక్కుకడకుం దెచ్చి వాసన చూచెను. విఱిగినచోట సగము తుప్పుపట్టిన పాతబీటయు దానినిండ నల్లని మెఱుపును గనఁబడెను. ఆ మెఱుపు లక్క. ఇనుము కాఁచునపుడే నెఱ్ఱెవడిన సీలను సింహాద్రాచారి పాఱవేయక నెఱ్ఱెలో లక్కయు దీపపుమసియుఁ గలిపి నించి నున్నగాఁ దోమి బండికిఁ దొడిగినాఁడు. ముప్పదియేండ్లు లక్కతో బ్రదికినదాని కన్నులను లక్కతోనే కప్పినాఁడు. ఆమెకు మోసపోయితినను దుఃఖముకంటె నీ యవమానమే యెక్కువ మంటగా నుండెను.

"మామా" యని యామె మగనితో మెల్లగాఁ బలికెను. "వాని చేతిపనిని వాని నెత్తిననే మోయింతును."

పుష్కరజనము తగ్గి త్రోయువారు దొరకిన పిమ్మట నడిమిసీలకు మాఱుగాఁ జింతకొయ్య బిగించి పదిమందిచేఁ ద్రోయించుచు నత్తనడకగా వారు గవరపేట చేరిరి. చేరిననాఁడే పురోహితుఁడు వచ్చి తక్కిననదుల మాట యెట్లున్నను గోదావరికి మాత్రము సంవత్సరాంతమున మరల పండ్రెండుదినములు పుణ్యకాలము గల దనియు దాని కంత్యపుష్కరములని పేరనియు జెప్పి సెట్టిని నోదార్చెను. సన్యాసిసెట్టి కన్నులలో దీపము మరల వెలిగెను. పైడమ్మ కన్నులలోను వెలిగెను గాని యది వేఱుదీపము.

మఱునాఁటినుండి యామె చీరకుచ్చెళ్లు బిగించి బండిపైఁ బడెను. టేకు పలకలని చెప్పినవి గీఁకిచూడ బూరుగు. పైని రంగు మాత్రము టేకుది. వానిం బెఱికించి నల్లమద్దిపలకలు వేయించెను. పలకలసందుల గుగ్గిలమును నువ్వులనూనెయు లక్కయుఁ గలిపి కరఁగించి తానే కప్పెక్కి పోసెను. మోసము దాఁచిన లక్కయే యిపుడు వాన నాఁపుటకుం బనికివచ్చెను. లక్క చేసిన పాపమేమున్నది. పచ్చికొయ్య యాకులం దీయించి తుమ్మయాకులు వేయించెను. కిటికీతలుపుల యంచులఁ జిత్రిక పట్టించి తోలుకీళ్లు తొడిగించెను.

ఇంతవఱ కెవ్వరైనను జేయుదురు. కాని యూడఁదీసిన ప్రతిచెక్కను బ్రతిచీలను గడిగి యారఁబెట్టి తుడిచి మగఁడు గాజులమ్మిన పాతగంపలోఁ బేర్చి పైని గుడ్డ కప్పుట యామెకుం దక్క నన్యులకుం దోఁచునది కాదు. ఇరుగుపొరుగువారు చూచి "సెట్టెమ్మ బండిని బాగుచేయుచున్నదా పగను బాగుచేయుచున్నదా" యని ముసిముసి నవ్విరి. ఆమె విని "రెండింటికిని నొకటే సుత్తి" యని బదులు చెప్పెను. నడిమిసీలను మాత్రము చేయువాఁ డామెకు దొరకలేదు. ఆ విద్య యా కమ్మటమునందే యున్నది.

మహర్నవమి వచ్చెను. ఆనాఁడు బండ్లవీథిలో నాయుధపూజ. బాడిసలును ఱంపములును నులులును జిత్రికలును గడుగఁబడి పసుపుకుంకుమలుం బంతిపూలుం దాల్చి పీఁటలపైఁ గొలువుదీఱి యుండును. ఆదినమున నెవ్వఁడును బనిముట్టు ముట్టఁడు. ముట్టినవాని చేతి కేఁడాది యచ్చిరాదని వారి నమ్మకము. కమ్మటముచే బండ్లు చేయించుకొనినవా రెల్ల వచ్చి ప్రసాదము పుచ్చుకొని క్రొత్తబండ్లకు మాటలాడుకొని పోవుట వాడుక. ఆనాఁడు వీథి క్రిక్కిఱిసి యుండఁగాఁ బైడమ్మ పట్టుచీర కట్టి పసుపుగుడ్డ కప్పిన గంప నెత్తిం బెట్టుకొని వచ్చెను. పూజాద్రవ్యములు తెచ్చుచున్న దనుకొని జనులు తొలఁగిరి. సింహాద్రాచారియే యెదురు వచ్చి "రండమ్మా రండు" అనెను.

ఆమె పీఁటకడఁ గూర్చుండి గుడ్డ తొలఁగించి యా బాడిసల ప్రక్కను బూరుగుపలక నొకదానిని నా యులుల ప్రక్కను బచ్చికొయ్యయాకు నొకదానిని బెట్టి ప్రతిదానికిని నెమ్మదిగాఁ గుంకుమబొట్టిడి పువ్వుంచెను. కడపట విఱిగిన నడిమిసీల ముక్కలు రెండింటిని దేవునిపటముముందర నుంచి చేతులు జోడించెను. నలుగురును వింతపడి చూచుచుండఁగా నామె స్వరము హెచ్చింపక యిట్లనెను.

"ఇవియు నీ యాయుధములే గదా ఆచారీ. వీనితోనే మమ్ముఁ గొట్టితివి. పూజకు మఱచితి వేమో యని నేనే తెచ్చితిని."

ప్రసాదము చేతం బట్టినవారు నోటం బెట్టుకొనుట మఱచిరి. సింహాద్రాచారి మొగము కొలిమిబూడిదవలె నయ్యెను. ఆ మొగమును జూచినపుడు పైడమ్మకుఁ గలిగిన యానంద మింతయంత గాదు. తాండవరేవున పండ్రెండుదినములు తిననికూ డంతయు నొక్కమాఱుగాఁ గడుపు నిండినట్లుండెను.

అరుఁగుపై నున్న గరుడాచారి నిశ్శబ్దము విని లేచి గోడ తడవికొనుచు వచ్చి పీఁటముందరఁ జతికిలఁబడెను. ఒక్కొక వస్తువును వ్రేళ్లతోఁ దడవెను. పలక తడవి "బూరుగు" అనెను. ఆకు తడవి "పచ్చికొయ్య" అనెను. సీలముక్క తీసికొని విఱిగినచోట గోటితో గీఁకి ముక్కునఁ బెట్టుకొనెను. "లక్క" అనెను.

"ఎవ్వని పని యిది?"

"తండ్రీ దొరగారిపని తొందరలో నుండఁగా" నని కొడుకు మొదలుపెట్టెను.

"తొలినడక నడచితివా?"

సింహాద్రాచారి తల వంచుకొనెను. ముదుసలి పైడమ్మవైపు మరలి "తల్లీ నీకేమి కావలయునో చెప్పుము. క్రొత్తబండి యడుగుము ఇచ్చెదను. వీనిం గొట్టు మనుము కొట్టెదను" అనెను.

"అవి యేమియు నాకు వలదు తాతా" యని పైడమ్మ పలికెను. "ఈతఁ డెగవైచిన తొలినడక నాకు వలయును. అంత్యపుష్కరములకు నా మగనిం దీసికొనిపోవునపుడు గవరపేట మొదలు గోదావరివఱకు నితఁ డీ గంప నెత్తిం బెట్టుకొని నా బండిముందర నడువవలెను. ఎవ్వరైనను గంపలో నేమని యడిగినచో దింపి చూపి ఇవి నేను జేసిన చెడుపను లని తననోటం జెప్పవలెను."

గరుడాచారి "అమ్మా నీవు దండన మనుకొని యడిగితివి. అది మా ధర్మమే. నడుచును" అనెను. "నడిమిసీలను నేనే కొట్టెదను. నేఁడు సుత్తి నిదురించును ఱేపు లేచును. నాకుఁ జూపు లేకున్నను జెవి యున్నది. మంచియినుము సుత్తికి బదులు పలుకును."

దండన మనుకొంటి వన్నమాట పైడమ్మ చెవిం బడెను గాని మనసునం బడలేదు. గెలిచినవారికి జెవు లంతగాఁ బనిచేయవు.

సీల వచ్చెను. మర్మ మెఱిఁగినవాఁడు కొట్టిన యా సీల యయిదవచక్రము నడుమ దిగిన నాఁటినుండి పదిమంది త్రోయవలసిన ముందరియిరుసు పైడమ్మ యొంటిచేతికి మలఁగెను. హేమంతశిశిరవసంతములు గడచుకొలఁది యామె బండికి మెఱుఁగులు దిద్దుచుండెను. మగని మంచము కుదుపెఱుఁగకుండఁ దోలువార్లతో నుయ్యెలగా వ్రేలఁగట్టించెను. పరుండియే బాట చూచుటకు మంచముమట్టమునఁ గిటికీ కోయించెను. ఇసుకనింపిన తొట్టిలో నీళ్లకుండ నిలిపెను. పల్లమున బండి జాఱకుండఁ జక్రమును నొక్కు నాఁపుకఱ్ఱ యమర్చెను. ఇవి యన్నియు నయిన పిమ్మట ముందరిగోడను జానెడు వెడల్పున నింకొక చిన్నకిటికీ కోయించెను.

"పైడీ ఇది యెవరికి? నా మంచముమీఁదికిం గనఁబడదు గదా" యని సన్యాసిసెట్టి యడిగెను.

"గాలికి మామా" యని యామె యనెను.

గాలికిఁ గాదు. ఆ కిటికీకడఁ గూర్చున్నచో ముందర నడచువాని వీఁపు కనఁబడును.

ఆషాఢాంతమున బండి కదలెను. సింహాద్రాచారి యులియు సుత్తియు మొలం జెక్కుకొని గంప నెత్తిం బెట్టుకొని ముందు నడచెను. పైడమ్మ కిటికీకడఁ గూర్చుండెను. మొదటి మూఁడుదినములు నామె యాశించినట్లే జరిగెను. మజిలీమజిలీకిని జనులు మూఁగి గంపలో నేమని యడుగుటయు నతఁడు తల వంచుకొని చెప్పుటయు వారు పకపక నవ్వుటయు నామె చెవులకు నమృతధారలై యుండెను. అతని యఱికాళ్లు బొబ్బలెత్తినపు డామె లెక్కపెట్టెను. దాఁపఁజూచినచో మఱలఁ జెప్పించెను. మెతుకు మెతుకున కది కూరవలె నామెకు రుచించెను.

తాండవనది పొంగి యయిదుదినములు రేవు గట్టిపెట్టెను. వెనుకటి తాటితోఁపులోనే విడిసిరి. సింహాద్రాచారి యా మలుపుకడకుఁ బోయి బురదలో నింకను గనఁబడుచున్న యొక చెక్కపేడును దీసి తుడిచి తనంతఁ దానే గంపలో వేసెను. అది చూచి సన్యాసిసెట్టి కిటికీలోనుండి యతనికి మంచినీళ్లచెంబు చాఁచెను. పైడమ్మ కడ్డుపడవలె నని యుండెను గాని మగని చేయి యంతదూరము చాఁగుట చూచి చాలదినము లయ్యెను. అడ్డుపడలేదు.

నది దాఁటిన పిమ్మటఁ గథ తలక్రిందు లయ్యెను. పిఠాపురముకడ నొక యిల్లాలు గంపలో నేమని యడుగఁగా సింహాద్రాచారి తల యెత్తి "అమ్మా నేను జెడుపని చేసితిని. కాళ్లులేనివానిం దెరువునఁ బడవైచితిని. ఆ పని యిది. గోదావరిదాఁక మోయుచున్నాను" అనెను. ఆమె నవ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి యతని కాళ్లు కడిగి పసుపు రాచి మజ్జిగ యిచ్చెను. ఆ వార్త బండికంటె ముందుగా నడచెను. పెద్దాపురము చేరునప్పటికి గంపమ్రొక్కువాఁడు వచ్చుచున్నాఁ డని జనులు వీథుల నీళ్లు చల్లి నిలుచుండిరి. కొందఱు తల్లులు బిడ్డలను గంపక్రిందఁ దూర్చి తీసిరి.

పైడమ్మ కిటికీతలుపు దఢాలున మూసెను. మరల నుండఁబట్టలేక తెఱచెను. "మామా వాని నేను శిక్షించుచుండఁగా వీరు పూజించుచున్నా రేమి" యని యామె పండ్లు కొఱికికొనెను.

"వాఁ డడిగినవారికెల్ల నిజము చెప్పుచున్నాఁడు. అట్లు చెప్పుమని చెప్పినది నీవే గదా పైడీ" యని సన్యాసిసెట్టి నవ్వెను. పక్షవాతము వచ్చిన పిమ్మట నాతఁడు నవ్వుట యదియే మొదలు. ఆ నవ్వు తనకై కాకపోయెనని యామెకు మఱింత కోపము వచ్చెను.

అయిదుదినములు తాండవకడ నిలిచిపోయినందున వారు రాజమహేంద్రవరము చేరునప్పటికి నంత్యపుష్కరములలోఁ గడపటిదినము మూఁడుజాములు గడచెను. కోటిలింగాలరేవు జనసమ్మర్దముచే నీలాకాశము క్రిందఁ బెద్దతేనెపట్టువలె ఘూర్ణిల్లుచుండెను. శ్రావణవర్షములు తెఱపి యిచ్చి పడమటియెండ నదీమధ్యమునఁ బసిఁడిబాట పఱచుచుండఁగా నఖండగౌతమి యెఱ్ఱగా నిండుగా మందగతిం బ్రవహించుచుండెను. మెట్లవఱకు బండి వచ్చెను. అచటినుండి నీటికిఁ బదునెనిమిది మెట్లు. బండివాఁడు జనముం జూచి బెదరు నెడ్లను విడిచి రాలేఁడు.

సన్యాసిసెట్టి సింహాద్రాచారివైపు చూచెను.

"వాని చేయి నీకుఁ దగులరాదు" అని పైడమ్మ గద్దించెను. "కూలివారిం బిలిచెదను."

"ప్రొద్దు గ్రుంకుచున్నది పైడీ. వాఁడు చేసిన బండి నన్నుఁ బడవైచెను. వాఁడు పడవైచునో లేదో చూతము."

సింహాద్రాచారి పైడమ్మతోఁ గూడ మెట్లు దిగి నీటియంచుననున్న కడపటిమెట్టుపై నామె ముందర గంప దింపి "అమ్మా దీనిం గొంచెము చూచుచుండుఁడు" అనెను. పిమ్మట మరల బండికడకు వచ్చి వంగి సెట్టిని వీఁపున నెక్కించుకొని యొక్కొకమెట్టును బాదముతోఁ దడవి తడవి చూచుకొనుచు దిగెను. బొబ్బలు పగిలిన పాదములు తడిమెట్లపై జాఱక నిలిచెను. మొలలోతునీట రేవుపురోహితుఁడు గోత్రనామము లడిగి సన్యాసిసెట్టికి సంకల్పము చెప్పి యెత్తినవానివైపు చూచి "నీ పే రేమి నాయనా? నీవును మునుఁగుచునే యున్నావు గదా" యనెను. సింహాద్రాచారి తన పేరుఁ దండ్రిపేరుం జెప్పెను. ఇద్దఱును గలసి మూఁడుమాఱులు మునిఁగిరి. మొదటిమునుక తేలినపుడు సన్యాసిసెట్టి "అమ్మా" యని తల్లిం బిలిచినపిలుపు మెట్లమీఁది పైడమ్మ చెవికి వినఁబడెను.

అది వినుటకే యామె నాను బండియయ్యెను. అది వినుటకే యామె యేఁడాది కష్టపడెను. కాని యామె కన్నులు మగనిమీఁద లేవు. ఆ నీట మూఁడవమాఱు తేలిన రెండవతలమీఁద నుండెను. పగవానిని మెడవంచి పండ్రెండామడలు నడిపించి తెచ్చితినే. ఊరూరను వానికిఁ గాళ్లు కడిగించితినే. తుదకుఁ దీర్థయాత్రాఫలముతోఁ గూడ వాని చేతిలోఁ బెట్టితినే. ఇంతకంటె వాని కన్నతండ్రి మాత్ర మేమి చేయును.

పడమటం బ్రొద్దు కొండయంచుం దాఁకెను. పురోహితులు కడపటిపిలుపులు పిలుచుచుండిరి. నీటిలోనుండి సన్యాసిసెట్టి తడిసిన చేయి చాఁచి యామెను బిలిచెను.

"పైడీ రమ్ము. ఇఁక గడియయైనను లేదు."

"గంప నెవ్వరు చూతురు" అని పైడమ్మ యనెను.

సన్యాసిసెట్టి చాఁచినచేయి యట్లే నిలిచిపోయెను. పండ్రెండేండ్లక్రింద నదేరేవున నదేగంపకడఁ గూర్చుండి తాను బలికినమాట యది. ఆమాట ఖరీదు తన కాళ్లకంటె నెక్కువ యని యాతఁ డెఱుఁగును.  ఆతని మోయుచున్నవాఁడు తల వంచుకొని నిలిచెను.

పగ యనునది మోయువాని నెత్తిమీఁద నుండు ననుకొందురు గాని మోయించువారి యొడిలోనే కడవఱకు నుండును. ప్రొద్దు గ్రుంకెను. ప్రయాణికుల పడవ యొకటి యొరసిపోఁగా లేచిన యల మెట్లెక్కివచ్చి గంపయంచును దాఁకఁబోయెను. పైడమ్మ త్వరత్వరగా వంగి గంప తడియకుండ దానిని మెట్టొకటి మీఁదికి జరుపుకొనెను.